పడకగదికి 5,000 రూపాయలు: డెల్టా చెమ్మలో ఏ సరుకు నిలుస్తుంది, ఏది ఊడిపోతుంది

గోడకి అంటించే అలంకరణ ఏదైనా గోదావరి డెల్టా ఇళ్లలో రెండో వానాకాలం దాటడం కష్టం. అదే గోడకి అంగుళం ఎడంగా వేలాడే గుడ్డ, లేసు, పీచు, కర్ర ఏళ్ల తరబడి ఉంటాయి. నరసాపురం నుంచి రాజమహేంద్రవరం దాకా దొరికే సరుకుల్లో పడకగదికి ఏది కొనదగ్గదో, ఏది డబ్బు దండగో ఈ ఒక్క లెక్క మీదే చెబుతున్నాం.

గది 10×12 అడుగులు అనుకుందాం. ఒక తలుపు, 4×4 కిటికీ ఒకటి, 6×6.5 డబుల్ కాట్ మంచం ఒకటి. చేతిలో 5,000. ఒక గోడ రంగుకి 700, గుడ్డకి 1,200, లేసుకి 600, దోమతెరకి 800, పీచు సరుకుకి 500, లైట్లకి 400, మొక్కలకి 300, కర్రలూ మరలకి 300 పెట్టుకుంటే 4,800 అవుతుంది. మిగిలిన 200 దారాలకీ ఆటోకీ. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ ఈ పాళ్లు మాత్రం మార్చకండి. ఇంట్లో పాత నూలు చీరలు రెండుంటే గుడ్డ పద్దులో చాలా మిగులుతుంది. ఆ మిగిలింది లేసు మీద పెట్టండి, గది కళ అక్కడే మారుతుంది.

ముందు గోడ

డెల్టాలో చాలా ఊళ్లలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు తగులుతాయి. పాత ఇళ్లలో పునాది మీద డీపీసీ (చెమ్మ పైకెక్కకుండా ఆపే పొర) వేయకపోతే ఇటుక ఆ నీటిని దీపం వత్తిలా పైకి లాగుతుంది. నీటితోపాటే ఉప్పూ వస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోయి పలుకులు కట్టి రంగునీ పుట్టీనీ వెనక నుంచి తోసేస్తుంది. మోకాలి ఎత్తు దాకా గోడ పొడిపొడిగా రాలేది ఇందుకే. చాలామంది రంగు నాసిరకం అనుకుని మళ్లీ అంతకంటే ఖరీదైన రంగు వేయిస్తారు, అదీ రాలిపోతుంది.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ కవరు ముక్కని నేలకి రెండడుగుల ఎత్తులో గోడకి పెట్టి నాలుగు పక్కలా టేపు వేయండి. ఒక రోజంతా వదిలేసి చూడండి. కవరుకి లోపలి వైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు ఉంటే అది గదిలో గాలి తేమ, కిటికీలు తెరిచి ఉంచితే తగ్గేది. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

గోడలోంచే వస్తుంటే పుట్టీ జోలికి పోవద్దు. సున్నం వేయండి. సున్నం పూత గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, చెమ్మ లోపల చిక్కుకుని బుడగలు రావు. 12 అడుగుల గోడకి, అంటే 120 చదరపు అడుగులకి, రెండు పూతలకి రెండు కిలోల పొడి సున్నం, పది లీటర్ల నీళ్లు బోలెడు. రాత్రి నానబెట్టి పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టి, సున్నం గోడని పట్టుకునేలా 100 మిల్లీలీటర్ల డీడీఎల్ గమ్ము కలపండి. తెల్లగా మెరవాలంటే చిటికెడు నీలిమందు, లేత రంగు కావాలంటే సున్నంలో కలిసే రంగుపొడి. మొదటి పూత తడి మీద అసలు వేసినట్టే కనపడదు, ఆరాకే తెల్లబడుతుంది. ఇక్కడే తప్పు జరుగుతుంది: కనపడలేదని చిక్కగా కలిపి వేస్తారు, అది పెచ్చులుగా రాలిపోతుంది. పాలలా పల్చగా, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా వేయాలి. కళ్లద్దాలు పెట్టుకోకుండా పైకప్పు దగ్గర బ్రష్ ఆడించకండి, సున్నం చుక్క కంట్లో పడితే ప్రమాదం. ఇప్పటికే ఎమల్షన్ ఉన్న గోడ మీద సున్నం పట్టదు, గీకేసి వేయాలి. బట్టలకి అంటుతుందన్నది సున్నానికి ఉన్న నిజమైన లోపం. మంచం తలాపు వెనక గుడ్డ వేలాడదీస్తే ఆ ఇబ్బంది పోతుంది, అది కింద చెబుతాం.

గోడ పొడిగా ఉంటే తలాపు గోడ ఒక్కదానికి మామూలు రకం ఎమల్షన్ 2 లీటర్లు చాలు. నాలుగు గోడలకీ పల్చగా లాగడం కంటే ఒక గోడకి నిండుగా రెండు పూతలు వేయడం మేలు. జనవరి నుంచి మే లోపు ముగించండి. జూన్ నుంచి కార్తీకం వెళ్లే దాకా గోడ ఆరదు.

అంటించే కాగితాలు, ఫోమ్ ఇటుకలు

ఫ్యాన్సీ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే గోడ స్టిక్కర్లు, రోలు కాగితాలు, ఇటుక అచ్చు ఉన్న ఫోమ్ పలకలు కొనవద్దండి. అంటించిన రోజు ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. వీటి జిగురు పొడి గోడ కోసం చేసింది. చెమ్మ గోడ మీద ముందు మూలలు లేస్తాయి, తర్వాత అతుకుల దగ్గర నోరు తెరుచుకుంటాయి. పీకితే పుట్టీ పొర వాటితోనే వచ్చేస్తుంది, వెనక నల్లటి బూజు మచ్చలు. ఫోమ్ పలకలు మరీ అన్యాయం. గాలి ఆడకుండా మూసేస్తాయి కాబట్టి బూజు వాసన గది అంతా పడుతుంది గానీ కంటికి ఏమీ కనపడదు. ఉబ్బసం ఉన్నవారి గదిలో వీటిని అసలు పెట్టకూడదు.

రీపరు: 300 రూపాయల పద్దులో అసలు ప్రాణం

ఈ గదిలో గోడకి రంధ్రాలు పడేది రెండు చోట్లే: తలాపు వైపు, కిటికీ మీద. తలాపు గోడ మీద 7 అడుగుల ఎత్తులో అడ్డంగా 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న 10 అడుగుల రీపరు, అంటే చెక్క పట్టీ, బిగించండి. గుడ్డలు, లేసు, దోమతెర, లైట్లు అన్నీ దానికే వేలాడతాయి. గోడకీ రీపరుకీ మధ్య నాలుగు చోట్ల అంగుళం మందం చెక్కముక్కలు పెట్టాలి. ఆ సందులోంచే గాలి ఆడేది. లెక్క చూడండి: రీపరు అంగుళం, ముక్క అంగుళం, గోడలోకి రెండు అంగుళాలు, మొత్తం 4 అంగుళాల మర. రెండు అంగుళాల ప్లాస్టిక్ ప్లగ్గు వేసి స్టెయిన్‌లెస్ మరలే వాడండి. మామూలు ఇనుప మర అయితే తుప్పు చార గుడ్డ మీదకి దిగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి, వైర్లు అటే వెళ్తాయి. పాత సున్నపు గోడల్లో ప్లగ్గు లూజుగా తిరుగుతుంటే ఇటుకల మధ్య అతుకులో పడిందన్నమాట. రెండు అంగుళాలు పక్కకి జరిపి ఇటుకలో వేయండి.

కర్టెను రాడ్డుకి మాత్రం షాపులో దొరికే పల్చటి ఇనుప గొట్టం కంటే సరుగుడు కర్ర మంచిది. తీరం వెంబడి తోటలున్న చోట చవకగా దొరుకుతుంది. అంగుళంన్నర లావున్న నిటారు కర్ర చూసి, బెరడు తీసి, నెల రోజులు నీడలో ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేయండి. ఎండలో ఆరబెడితే నిలువునా పగులుతుంది. తొందరపడి పచ్చికర్ర పెడితే నాలుగు నెలల్లో వంగుతుంది. కోసిన చివర్లకి వార్నిష్ రెండు సార్లు వేయాలి, పురుగు అక్కడి నుంచే దిగుతుంది. 4 అడుగుల కిటికీకి 5 అడుగుల కర్ర సరిపోతుంది, 7 అడుగులు దాటితే మధ్యలో ఇంకో కొక్కెం కావాలి.

ఒక చీర, రెండు కర్టెన్లు, రెండు గలీబులు

చీర ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. పన్నా సుమారు 46 అంగుళాలు. దీన్ని ఆరేసి అడుగుల చొప్పున మూడు ముక్కలు చేయండి. పైట చెంగు ఉన్న ముక్కని గలీబులకి పక్కన పెట్టండి. మిగిలిన రెండూ కిటికీకి. పైన 4 అంగుళాలు, కింద 4 అంగుళాలు మడత పోతే 5 అడుగుల 4 అంగుళాల కర్టెను వస్తుంది. అంచులు రెండు పక్కలా నిలువుగా దిగుతాయి, వాటికి వేరే కుట్టు అక్కర్లేదు. రెండు ముక్కల వెడల్పు 92 అంగుళాలు, రాడ్డు 60. అంటే ఒకటిన్నర రెట్లు, కుచ్చులు సరిగ్గా పడతాయి. పాలిస్టర్ చీర పనికిరాదు, పడమటి కిటికీకి అది ఉక్కపోత పెంచుతుంది.

కొయ్యకి గుచ్చేలా పైన మడత కుట్టేస్తే ఖర్చు లేదు గానీ లాగినప్పుడల్లా సరుగుడు కర్ర మీద పట్టేస్తుంది. రింగులు వేయించుకుంటే హాయి. రింగులు ఎప్పుడూ సరి సంఖ్యలో ఉండాలి, ఒక్కో ముక్కకి 8. బేసి సంఖ్య వేస్తే కర్టెను ఒక చివర గోడ వైపు, ఇంకో చివర గది వైపు తిరిగి వికారంగా ఉంటుంది. టైలర్లు కూడా ఇది మర్చిపోతుంటారు, ముందే చెప్పండి.

మూడో ముక్క 72×46 అంగుళాలు. దీంట్లోంచి 18 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవున్న పట్టీలు రెండు తీయండి. 17×27 దిండుకి ఒక్కో పట్టీ ఒక గలీబు: రెండు వైపులకి 54, లోపలికి మడిచే నాలుకకి 6, చివర్ల మడతకి 2. జిప్పు, బొత్తాలు అక్కర్లేదు. పక్కన మిగిలే 10 అంగుళాల పట్టీ కర్టెన్లు కట్టుకునే తాళ్లకి. కొలతలు వేసేముందు చీరని వెలుతురుకి ఎత్తి చూడండి. కుచ్చిళ్లు నేలని రాసుకునే కింది అంచు దగ్గర నేత పల్చబడి ఉంటుంది. అది గలీబులో పడితే నెలకే చిరుగుతుంది. రంగు దిగుతుందో లేదో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి. దిగే చీర అయితే కర్టెనుకే ఉంచండి, తలకింద పెట్టే గలీబుకి వద్దు.

తాడితోటలో గుడ్డ కొనేటప్పుడు

రాజమహేంద్రవరం తాడితోటలో మహాత్మాగాంధీ హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్స్, దాని చుట్టుపక్కల దుకాణాలు ఈ ప్రాంతం అంతటికీ గుడ్డ సరఫరా చేస్తాయి. రకాలకీ ధరకీ మా మొదటి ఓటు దానికే. రెండోది ద్వారపూడి. లోపం ఒకటుంది: చాలా షాపులు తాను (గుడ్డ చుట్ట) మొత్తం అమ్ముతాయి తప్ప రెండు మీటర్లు కోసివ్వవు. నలుగురు కలిసి వెళ్లి తాను పంచుకోవడం మంచి పద్ధతి. లేదంటే కట్‌పీసుల షాపులు వెతకాలి. అక్కడ చవకే గానీ అదే రంగు మళ్లీ దొరకదు, కావలసింది ఒకేసారి తీసుకోవాలి.

మంచానికి దుప్పటి గుడ్డ 108 పన్నా 2.75 మీటర్లు అడగండి. 90 పన్నా అయితే రెండు పక్కలా 9 అంగుళాలే వస్తుంది. 5 అంగుళాల పరుపు మందం పోగా లోపలికి దోపడానికి 4 అంగుళాలే, రాత్రికి ఊడి వస్తుంది. కోరా గుడ్డ తలాపు తెరకి చాలా బాగుంటుంది, తెల్లటి లేసు దాని మీద ఎత్తి చూపినట్టు కనపడుతుంది. అయితే కోరా ఉతికితే కురచ అవుతుంది. మీటరుకి 10 సెంటీమీటర్లు ఎక్కువ కొని, ఒక రాత్రి నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టండి. గుడ్డ మందంగా ఉందని మురిసిపోయే ముందు రెండు చేతుల మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలితే ఆ మందం గంజిది. నూలేనని నమ్మబలికితే ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది.

నరసాపురం లేసు

ఈ గదిలో కొన్నవాటన్నిటిలోకీ విలువైనది ఇదే. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన అల్లిక నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఇంటి అరుగుల మీదే సాగుతోంది. ఎగుమతి సరుకుగా పేరు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నరసాపురం దగ్గర సీతారామపురంలో అలంకృతి లేస్ పార్క్ ఉంది. కొనదలచినవారు అక్కడితో మొదలుపెట్టడం మంచిది.

చేతి అల్లికకీ మిషను లేసుకీ తేడా తిరగేస్తే తెలుస్తుంది. చేతి లేసు ఒకే దారం: ఉచ్చులోంచి ఉచ్చు, గొలుసులోంచి గొలుసు. గోటితో ఒక ఉచ్చు కొద్దిగా ఎత్తితే పక్క ఉచ్చు బిగుస్తుంది. మిషను లేసులో దారాలు అటూ ఇటూ దట్టంగా కుట్టినట్టు ఉంటాయి, పువ్వుకీ పువ్వుకీ మధ్య చిన్న చిన్న కోసిన మొనలు నూగులా గుచ్చుకుంటాయి. షాపులో రెండూ ఒకే బుట్టలో పెట్టి ఒకే పేరుతో చూపిస్తే అడగడానికి మొహమాటపడకండి. దారం నంబరు కూడా చూడండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. పడకగదిలో రోజూ రాపిడి తగిలే గలీబుకి 20 నంబరు దారం సరి. 60 నంబరుతో అల్లింది చూపుకి మురిపెంగా ఉంటుంది గానీ దాన్ని గోడకో బల్ల మీదకో ఉంచాలి.

మీటర్ల లెక్కన లేసు కొంటుంటే కర్ర మీద సాగదీసి కొలవనివ్వకండి. అల్లిక సాగే గుణం ఉన్నది, సాగదీసిన మీటరు ఇంటికొచ్చాక నాలుగు అంగుళాలు తగ్గుతుంది. బల్ల మీద వదులుగా పరిచి కొలవమనండి. ముక్కలు అతికిన చోట వెనక ముడి చూడండి. దారం చివర అల్లికలోకి నాలుగైదు ఉచ్చుల దూరం దూర్చి ఉండాలి. ఉత్త ముడి వేసి కోసేస్తే మొదటి ఉతుకులోనే జారిపోతుంది.

గలీబుకి కుట్టే లెక్క ఇది. 17×27 గలీబు చుట్టుకొలత 88 అంగుళాలు. రెండు అంగుళాల లేసు పెడితే బయటి అంచు 104 అంగుళాలవుతుంది. ఆ తేడా 16 అంగుళాలూ నాలుగు మూలల్లో, మూలకి 4 చొప్పున, చిన్న కుచ్చుగా పోవాలి. 88 అంగుళాలే కొని లాగి కుడితే మూలలు పైకి మడుచుకుపోతాయి. ఇస్త్రీ చేసినా కూర్చోవు. గలీబుకి 2.75 మీటర్లు, జతకి ఐదున్నర మీటర్లు తీసుకోండి. లేసునీ గుడ్డనీ రెండిటినీ ముందే నానబెట్టి ఆరేయాలి. ఒక్కటే తడిపితే మొదటి ఉతుకులో రెండోది కురచై అంచంతా గుంజుకుపోతుంది. ముందు కచ్చా కుట్టు వేసి, మూలలు సర్దుకున్నాక మిషను మీద వదులు కుట్టు వేయండి.

రీపరుకి వేలాడదీసే గుండ్రటి లేసు ముక్కలకి బిగువు కావాలంటే గంజి పెడతారు. తువ్వాలు మీద పరిచి, మొనమొనకీ గుండుసూది గుచ్చి ఆరనిస్తే నక్షత్రంలా నిలబడుతుంది. గంజి పెట్టేది సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకానే. వానాకాలంలో గంజి లేసు మెత్తబడి వేలాడిపోవడమే కాదు, వెండిపురుగులకీ బొద్దింకలకీ అది తిండి. జూన్ రాగానే ఒకసారి జాడించి గంజి వదిలించేయండి.

ధర మీద ఒక మాట. అరచేయంత పువ్వుకి కూడా గంటలు పడుతుంది, అల్లినవారికి చేరేది అందులో కొంతే. గుడ్డ షాపులో ఎంతైనా బేరమాడండి గానీ చేతి లేసు దగ్గర వద్దు. 600 లో రెండు గలీబుల లేసే వస్తే అదే తీసుకోండి, గోడ పువ్వులు మళ్లీ కొనుక్కోవచ్చు.

దోమతెర

ఇక్కడ దోమతెర లేకుండా పడక లేదు కాబట్టి దాన్ని దాచే బదులు అందంగా చేసుకోవడమే తెలివి. పైకప్పు మధ్యలో ఒకే కొక్కేనికి వేలాడే గుండ్రటి తెరలు కొనకండి. ఫ్యానుకి అడ్డం, మంచం మూలల్లో వంటికి ఆనుకుంటాయి, ఆనుకున్న చోట దోమ బయటి నుంచే కుడుతుంది. నాలుగు తాళ్ల పెట్టె తెర మంచిది. రెండు తాళ్లు రీపరుకి, రెండు ఎదుటి వైపు కిటికీ కర్రకీ తలుపు చట్రానికీ కట్టుకోవచ్చు. కంతలు లెక్కపెట్టి కొనండి: టైలరు టేపు పెట్టి చూస్తే అంగుళానికి అడ్డంగా 12, నిలువుగా 13, అంటే చదరపు అంగుళానికి 156 ఉండాలి. అంతకంటే పెద్ద కంతలయితే సన్న దోమ దూరుతుంది. మరీ చిన్నవయితే ఫ్యాను గాలి లోపలికి రాదు.

షాపు తెరకి కింద పట్టీ సన్నంగా ఉంటుంది, పరుపు కిందకి దోపడానికి చాలదు. తెర చుట్టుకొలత 25 అడుగులు. రెండో పాత చీర రెండు అంచుల వైపు నుంచీ 12 అంగుళాల పట్టీలు కోస్తే 36 అడుగులు వస్తాయి. ఎక్కే చోట ఒకదాని మీద ఒకటి పడేలా రెండడుగులు కలిపి 27 వాడితే ఇంకా మిగులుతుంది. జరీ అంచు వద్దు, వల పట్టుకుని చింపేస్తుంది. వల మిషను పంటి కింద సాగిపోతుంది కాబట్టి కింద న్యూస్‌పేపరు పట్టీ పెట్టి కలిపి కుట్టి, తర్వాత కాగితం చింపేయండి. మధ్యలో మిగిలిన 22 అంగుళాల చీర ముక్క బొంతలో పైపొర అవుతుంది.

పీచు, బుట్ట, దీపం

కోనసీమ కొబ్బరి పీచు చాపలు మంచం పక్కన కాళ్లు పెట్టుకోవడానికి మంచివే, కానీ రంగు వేసినవి కొనకండి. తడి కాళ్లతో తొక్కితే ఆ రంగు టైల్సు మీదకి దిగి మరక పడుతుంది. సహజ రంగుది 2×5 అడుగులు చాలు. కొనేటప్పుడు నేలకేసి రెండు సార్లు దులపండి, గుప్పెడు పొట్టు రాలితే ఇంట్లో రోజూ అదే పని. వారానికోసారి ఎత్తి నిలబెట్టకపోతే అడుగున తేమ పట్టి వాసన వస్తుంది. అంబాజీపేట, అమలాపురం వైపు వెళ్లినప్పుడు 8 మిల్లీమీటర్ల పీచు తాడు 16 మీటర్లు తెచ్చుకుంటే 8 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల ఎత్తున్న పాత ప్లాస్టిక్ డబ్బాకి చుట్టి కుండీ తొడుగు చేయొచ్చు: 25 చుట్లు, చుట్టుకి 64 సెంటీమీటర్లు. తెల్ల ఫెవికాల్ ప్లాస్టిక్‌కి పట్టదు, రబ్బరు జిగురు వాడాలి. కిటికీ తెరిచి పెట్టుకుని చేయండి, ఆ వాసన తలనొప్పి తెస్తుంది.

దీపానికి ఫ్యాన్సీ షాపు గొట్టాల కంటే మేదర బుట్ట ఎంతో నయం. అడుగు వ్యాసం ఉన్న చిన్న బుట్టని బోర్లించి, అడుగు భాగం మధ్యలో హోల్డరు పట్టేంత రంధ్రం చేయండి. ముందు ఒక గంట నీళ్లలో నానబెట్టకపోతే పేళ్లు విరిగిపోతాయి. కోసిన పేళ్ల కొసల్ని దారంతో చుట్టి కట్టాలి. బుట్ట బరువు వైరు మీద వేయకండి, వేరే తాడుతో రీపరు కొక్కేనికి వేలాడదీయండి. లోపల 5 నుంచి 7 వాట్ల ఎల్‌ఈడీ, పసుపు వెలుతురు, 2700 లేదా 3000 కెల్విన్ అని పెట్టె మీద ఉన్నది. పాతకాలపు వేడెక్కే బల్బు మాత్రం పెట్టవద్దు. వెదురు, పీచు, వల అన్నీ నిప్పంటుకునేవే. వెలిగించగానే నేత నీడలు కోరా తెర మీద పడి, దాని మీద వేలాడే తెల్ల లేసు వెనక ఇంకో పల్చటి లేసు ఉన్నట్టే ఉంటుంది.

ఎల్‌ఈడీ పట్టీల్లో 12 వోల్టుల అడాప్టరుతో వచ్చేదే కొనండి. నేరుగా 230 వోల్టుల మీద వెలిగే రకం పడక దగ్గర వద్దు. వెనక ఉండే జిగురుని నమ్మక, రీపరు వెనక వైపు ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించండి. పట్టీని కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి. దోమతెరకి తాకకుండా జానెడు ఎడం ఉంచాలి.

మొక్కలకి కడియపులంక నర్సరీలే, వేరే మాట లేదు. పడకగదికి నీడ తట్టుకునే సాన్సివేరియా ఒకటి, జెడ్‌జెడ్ మొక్క ఒకటి చాలు. మనీప్లాంటు కొనకండి, ఎవరింట్లోనైనా తీగ అడిగితే ఇస్తారు. రెండు కణుపులు నీటిలో మునిగేలా సీసాలో పెడితే వేర్లు వస్తాయి. సీసా మూతికి దూది పెట్టండి, నీళ్లు నాలుగు రోజులకోసారి మార్చండి. వారం ఆగితే అందులోనే దోమ పిల్లలు ఎగిరిపోతాయి, అప్పుడు ఎంత మంచి తెర కొన్నా ఏం లాభం?

వానాకాలం పోయాక, భోగికి ముందు ఎండ ఉన్న రోజు చూసి రీపరు మీదివన్నీ దించండి. తెర, కర్టెన్లు ఉతికి, లేసుకి గంజి పెట్టి, బుట్ట దులిపి, రీపరు వెనక సందులో పొడిగుడ్డ తుడిస్తే పూటలో పని అయిపోతుంది. ఆ సందులో నల్లటి చుక్కలు కనపడితే అక్కడ ఒక పూత సున్నం కొట్టి, రెండు రోజులు ఆరాకే మళ్లీ వేలాడదీయండి.